ఎడారి ట్యాంకుల ఆట – 3వ పాఠం: ట్యాంకు వెనకాల ట్రక్కు

గత పాఠంలో యుద్ధం మొదలవకముందే సైన్యాన్ని ఎంచుకోవడం చూశాం. మీలో చాలామంది ట్యాంకులు పెంచుకుని, ఆ మేరకు సప్లై ట్రక్కులు తగ్గించుకుని ఉంటారు. ఈ పాఠం చదివాక ఆ జాబితా మళ్లీ తెరిచి చూడండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. మనం నేర్చుకుంటున్న ఆట కెమ్కో కంపెనీవారి ‘డెజర్ట్ కమాండర్’. నింటెండో కంపెనీ వీడియో గేమ్ యంత్రం మీద ఆడేది ఇది. జపాన్‌లో ఆ యంత్రం పేరు ఫ్యామికామ్, దాని మీద 1988లో వచ్చింది. అమెరికాలో దాని పేరు ఎన్ఈఎస్, దాని మీద 1989లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరే దీని కథ. శత్రువు హెడ్‌క్వార్టర్స్ యూనిట్‌ని ధ్వంసం చేస్తే గెలుపు, మనది పోతే ఓటమి.

ఆటలో ప్రతి యూనిట్‌కీ పెట్రోలు ఉంటుంది, మందుగుండు ఉంటుంది. పెట్రోలు అయిపోతే కదలదు. మందుగుండు అయిపోతే కాల్చదు. ఈ రెండూ తెచ్చిపెట్టేది సప్లై ట్రక్కు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. కానీ ఈ ఆటలో నాకు అన్నిటికంటే విలువైన యూనిట్ అదే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అర్థం కావడానికి ఊహించుకున్న అంకెలివి, మీ తెర మీద కనిపించేవి మీరు వేసుకోండి. ట్యాంకు టర్న్‌కి, అంటే మన వంతు వచ్చిన ప్రతిసారీ, మ్యాపు మీద 6 గళ్లు, ట్రక్కు 4 గళ్లు వెళ్తాయనుకుందాం. మూడు టర్న్‌లు ఆగకుండా తోలితే ట్యాంకు 18వ గడిలో ఉంటుంది, ట్రక్కు 12వ గడిలోనే ఉంటుంది. ఆ 6 గళ్ల ఎడం పూడ్చడానికి ట్రక్కుకి ఇంకో రెండు టర్న్‌లు కావాలి. సరిగ్గా అప్పుడే ముందున్న ట్యాంకుకి పెట్రోలు అడుగంటితే, ఆ రెండు టర్న్‌లూ అది కదల్లేదు. శత్రువు విమానాలకి, ఫిరంగులకి అంతకంటే సులువైన గురి దొరకదు.

అదే రెండు టర్న్‌లు నడిచి మూడో టర్న్‌లో ట్యాంకుని ఆపారనుకోండి. ట్యాంకు 12వ గడిలో ఉంటుంది, ట్రక్కు కూడా 12 గళ్లు వచ్చేస్తుంది. పెట్రోలు నింపుకుని మళ్లీ కదలొచ్చు. ఆగిన టర్న్ వృథా అనిపిస్తుంది గానీ, పోరు మొదలయ్యేసరికి నిండు ట్యాంకులతో ఉండేది మీరే. నేల రకాన్ని బట్టి కదలిక మారుతుంది కాబట్టి, ముందు ట్రక్కు ఏ దారిన వస్తుందో కర్సర్‌తో చూసుకోండి, ఆ తర్వాతే ట్యాంకుని జరపండి. ఈ వరస అలవాటు చేసుకోవడమే నేటి పాఠంలో అసలు పని.

ఇది ఆట కోసం పుట్టించిన ఇబ్బంది కాదు. 1942 మే 26 రాత్రి లిబియాలోని గజాలా దగ్గర జర్మన్ సేనాధిపతి రోమెల్ తన ట్యాంకుల్ని దక్షిణంగా, బిర్ హకీమ్ అనే రక్షణ స్థావరం చుట్టూ తిప్పి బ్రిటిష్ సేనల వెనక్కి తీసుకెళ్లాడు. మర్నాడు ఉదయమే రోమెల్ పక్షాన ఉన్న ఇటలీవారి అరియెతె డివిజన్ దారికి అడ్డంగా ఉన్న మన 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్ మీద పడింది. ఆ బ్రిగేడ్ గట్టిగా పోరాడినా చివరికి నిలవలేకపోయింది. అంతవరకూ ఎత్తుగడ పారినట్టే. అయితే బిర్ హకీమ్‌లో బ్రిటిష్‌వాళ్ల పక్షాన ఉన్న ఫ్రెంచి దళం లొంగలేదు. మధ్యలో మందుపాతరల పొలాలు. చుట్టు తిరిగి రావాల్సిన ట్రక్కులు ఎక్కడికక్కడ చిక్కుకున్నాయి. జర్మన్ ట్యాంకులకి పెట్రోలు, సైనికులకి నీళ్లు కరువయ్యాయి. మే 29న రోమెల్ స్వయంగా ముందుండి ఒక సప్లై వరసని తన ట్యాంకుల దాకా నడిపించుకొచ్చాడు. ఒక సేనాధిపతి ట్రక్కులకి దారి చూపడానికి వెళ్లాడంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో చూడండి. ఆ తర్వాత పడమటి వైపు మందుపాతరల గుండా దగ్గరి దారి తెరుచుకున్నాకే అతనికి ఊపిరాడింది. నన్నడిగితే బ్రిటిష్‌వాళ్లకి గెలిచే అవకాశం ఆ రెండు మూడు రోజుల్లోనే ఉంది. ఆగిపోయిన ట్యాంకుల మీద బలమంతా ఒకేసారి దించకుండా ముక్కలుముక్కలుగా పంపి దాన్ని జారవిడుచుకున్నారు.

ఆటలో మీరు ఆ పని చేయకండి. శత్రువు ట్రక్కు కనిపిస్తే, పక్కనే సగం దెబ్బతిన్న ట్యాంకు ఊరిస్తున్నా సరే, ముందు ట్రక్కునే కొట్టండి. మీ ట్రక్కుల్ని మాత్రం ఎప్పుడూ మొదటి వరసలో నిలపకండి. శత్రువుకీ ట్రక్కుకీ మధ్య ఒక పదాతి దళాన్నో, ఆర్మర్డ్ కారునో ఉంచండి. రెండు ట్రక్కులుంటే రెండింటినీ ఒకేచోట పెట్టొద్దు, ఒక్క బాంబర్ దాడిలో రెండూ దెబ్బతినే ప్రమాదం ఉంది.

అభ్యాసం: మొదటి యుద్ధాన్ని మళ్లీ మొదలుపెట్టండి. కాగితం మీద మూడు గడులు గీసి, ప్రతి టర్న్ చివర అన్నిటికంటే ముందున్న ట్యాంకు పెట్రోలు, మందుగుండు, దగ్గర్లోని ట్రక్కుకి ఎన్ని గళ్ల దూరమో రాయండి. పెట్రోలు సగానికి దిగిన టర్న్‌లోనే ట్యాంకుని ఆపాలి. శత్రువు హెడ్‌క్వార్టర్స్ ఎదురుగా కనిపిస్తున్నా ఈసారికి ఇదే నియమం. యుద్ధం ముగిసేదాకా ఒక్క యూనిట్ కూడా పెట్రోలు లేక నిలిచిపోకపోతే, గెలిచినా ఓడినా పాఠం వచ్చినట్టే.

4వ పాఠంలో యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ గన్‌లు. ట్రక్కుల్ని వెతుక్కుంటూ వచ్చే బాంబర్లని ఎక్కడ కాపుకాసి కొట్టాలో చూద్దాం. మీరు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి, దానితోనే మొదలుపెడదాం.