పాలివ్వడం తప్ప మిగతాదంతా నాన్న పనే: మొదటి ఆరు వారాల రాత్రులు

మా పాప పుట్టిన మూడో రోజు, రాత్రి రెండింటికి ఏడుపు మొదలైంది. కుట్ల నొప్పితో నా భార్య మెల్లగా లేస్తుంటే పక్కన నిలబడి "నేనేం చేయను?" అని అడిగాను. అంత నొప్పిలో తను నాకు పని కూడా చెప్పాల్సి వచ్చింది. అది నాకు చాలా బాధేసింది. పొద్దున్నే ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. పాలివ్వడం తనది, దానికి ముందూ వెనకా ఉండే పనంతా నాది. కొత్తగా నాన్న అయినవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. ఏం చేయాలో అడగకండి, ఈ పనులు మీవి అనుకోండి.

ముందుగా, ఉయ్యాల మీ వైపు ఉండాలి. పసిబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఆకలేస్తే ముందే ఏడవదు. నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది. ఏడుపు చివరి దశ. అప్పటికి బిడ్డను ఊరుకోబెట్టి పాలు పట్టించడం కష్టం. కదలిక వినగానే ఒక చెయ్యి తల, మెడ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తి, తల్లి దగ్గరికి తీసుకెళ్లండి.

తాగాక త్రేన్పు తెప్పించాలి. అందరూ భుజం మీద వేసుకోమంటారు కానీ మా పాపకి అది కుదరలేదు. ఒళ్లో పక్కకి కూర్చోబెట్టి, దవడను నా వేళ్లతో ఆనించి (గొంతు మీద వేళ్లు పడకూడదు), కాస్త ముందుకి వంచి వీపు నిమిరితే వచ్చేది. ఐదు నిమిషాలు చూసినా రాకపోతే ఫర్వాలేదు, పడుకోబెట్టేయండి. కాసిన్ని పాలు కక్కడం మామూలే. వాంతి ఆకుపచ్చగా ఉంటే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

డైపర్ మార్చేటప్పుడు ఆడపిల్లైతే ముందు నుంచి వెనక్కి తుడవాలి. బొడ్డు రాలేదాకా, సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు, డైపర్ అంచును బొడ్డు కిందికి మడిచిపెట్టండి. బొడ్డు పొడిగా ఉంటే చాలు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది అదే. తల్లిపాలు ఎన్ని తాగిందో కొలవలేం కదా, తడిసిన డైపర్లు లెక్కపెట్టాలి. మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదో రోజు తర్వాత రోజుకి ఆరుకి తగ్గకూడదు. విరేచనం మొదట తారులా నల్లగా, జిగటగా ఉంటుంది. నాలుగైదు రోజులకి పసుపు రంగుకి తిరగాలి. ఇప్పటి డైపర్లు తడిసినా తెలియదు. అందుకని కొత్త డైపర్‌లో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో పట్టుకుని చూశాను. ఆ బరువు ఒకసారి తెలిశాక ఇక అనుమానం రాలేదు. మా పాప 3.1 కిలోలు పుట్టి, నాలుగో రోజుకి 2.9కి తగ్గింది. నాకు చాలా టెన్షన్ వచ్చింది. అయితే మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం సహజమే. రెండు వారాల్లోపు తిరిగి పుట్టిన బరువుకి రావాలి. మా పాప పన్నెండో రోజుకి వచ్చింది.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ వద్దు. ఒకరోజు తెల్లవారుజామున పాపను గుండెల మీద పెట్టుకుని సోఫాలో కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి పాప నా చంక వైపు జారి ఉంది. ఆ భయం ఇప్పటికీ పోలేదు. నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డను ఉయ్యాల్లో వేసేయండి, ఏడ్చినా సరే.

ఇక ఏడుపు. కడుపు నిండింది, త్రేన్పు వచ్చింది, డైపర్ పొడిగానే ఉంది, అయినా ఏడుస్తుంది. రెండో వారం నుంచి ఇది పెరుగుతూ ఆరో వారానికి తారస్థాయికి చేరుతుంది. మూడు, నాలుగు నెలలకి తగ్గిపోతుంది. చొక్కా విప్పి పాపను ఒంటికి ఆనించుకుని, దీపం తగ్గించి, ష్... ష్... అంటూ నడవడం మాకు ఎక్కువసార్లు పనిచేసింది. ఐదో వారంలో ఒక రాత్రి గంటన్నర నడిచాక నా పట్టు బిగుసుకుంటోందని గమనించాను. వెంటనే ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, మొహం కడుక్కుని ఐదు నిమిషాలకి వచ్చాను. మీరూ అలాగే చేయండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను కుదపకూడదు. కొన్ని క్షణాలు గట్టిగా కుదిపినా మెదడులో రక్తస్రావం కావచ్చు.

మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే ఇంట్లో మందు వేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. పాలకి లేవకపోవడం, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, పుట్టిన 24 గంటల్లోపే కామెర్లు కనిపించడం, వీటికీ తెల్లారేదాకా ఆగకూడదు.

తల్లిని కూడా గమనిస్తూ ఉండండి. మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలి. ఆ దిగులు నాన్నలకీ వస్తుంది, మీకు వస్తే దాచుకోకండి.

తనకి కావలసింది ముక్కలు కాని నిద్ర. అందుకే రాత్రి తొమ్మిదింటికి పాలు తాగగానే పాపను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి. మళ్లీ ఆకలేసేదాకా, ఒక్కోసారి రెండు గంటలు, ఒక్కోసారి రెండున్నర, ఆ తలుపు తీసేవాణ్ణి కాదు.