ఆన్సెల్ ఆడమ్స్ అసలు ప్రింటు ముందు నిలబడి ఏం చూడాలి

అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నలుపు తెలుపుల్లో తీసిన కొండలూ మంచూ క్యాలెండర్లలో, పుస్తకాల్లో, ఫోన్లలో మనం ఎన్నోసార్లు చూసేసి ఉంటాం. అందుకే ప్రదర్శనలో ఒక్కో ఫ్రేము ముందు పది సెకన్లు నిలబడి, తెలిసిందే కదా అని కదిలిపోతాం. మనకు తెలిసింది బొమ్మ. గోడ మీద ఉన్నది ప్రింటు. చూడాల్సింది దాన్ని.

మొదట లేబుల్ చదవండి. అందులో రెండు ఏళ్లు ఉండొచ్చు: నెగెటివ్ తీసిన ఏడాది, ప్రింటు చేసిన ఏడాది. చాలామంది మొదటిది చదివి ఊరుకుంటారు, అసలు కీలకం రెండోది. పియానో నేర్చుకుని ఆ వృత్తిలోకే వెళ్లాలనుకున్న మనిషి కాబట్టి ఆడమ్స్ నెగెటివ్‌ను స్వరాలు రాసిన కాగితంతో, ప్రింటును కచేరీతో పోల్చేవారు. ఒకే నెగెటివ్‌ను దశాబ్దాల తేడాతో వేరువేరుగా ప్రింటు చేశారు కూడా.

దీనికి మంచి ఉదాహరణ 1941లో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో'. పొద్దు దిగిపోతోంది, లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు విలువ గుర్తున్నందువల్ల దాన్నిబట్టి లెక్క కట్టి, లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి (ఎఫ్ 32) ఒక సెకను సేపు ఫిల్మ్ మీద వెలుగు పడనిచ్చారు. చంద్రుడు బాగానే వచ్చాడు కానీ, ముందున్న ఊరూ శ్మశానమూ నెగెటివ్‌లో పలచబడ్డాయి. 1948లో ఆ కింది భాగాన్ని మాత్రం రసాయనంతో చిక్కబరిచారు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో ఉండి, చంద్రుడికి పైన పలచని మబ్బు చారలు కనిపిస్తాయి. తర్వాతి ప్రింట్లలో అక్కడ దాదాపు నలుపే. మీ ఎదుట ఉన్నది ఏ కాలానిదో ముందు ఆకాశాన్ని చూసి ఊహించండి, తర్వాత లేబుల్‌తో సరిచూసుకోండి. ఈ ఒక్క కసరత్తుతో కన్ను చాలా పదునెక్కుతుంది.

లేబుల్ మీద 'సిల్వర్ జెలటిన్' అని ఉంటే డార్క్‌రూమ్ ప్రింటు, అంటే చీకటి గదిలో వెండి పూత కాగితం మీద వెలుగుతో చేసినది. 'ఇంక్‌జెట్', 'పిగ్మెంట్' అని ఉంటే సిరాతో తీసిన ప్రతి. 'యోసెమిటీ స్పెషల్ ఎడిషన్' (యోసెమిటీ నేషనల్ పార్కు బొమ్మల ప్రత్యేక ప్రింట్లు) అయితే అసలు నెగెటివ్ నుంచి డార్క్‌రూమ్‌లో చేసినదే, కానీ 1975 నుంచి వాటిని ప్రింటు చేస్తున్నది ఆడమ్స్ సహాయకుడిగా పనిచేసిన ఆలన్ రాస్. నాణ్యతలో అవి తక్కువేమీ కాదు, అయితే ఆడమ్స్ చేత్తో చేసినవి కావు.

ఇక వెలుతురు. కాగితం పాడవకుండా గ్యాలరీల్లో దీపాలు తగ్గించి ఉంచుతారు, సాధారణంగా 50 నుంచి 100 లక్స్ (వెలుతురు కొలత). ఎండలోంచి నేరుగా వెళ్తే నీడల్లోని వివరమంతా ఒకే నల్లముద్దలా కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక ఐదు పది నిమిషాలు ఆగండి. మధ్యలో ఫోన్ తెర చూస్తే అలవాటుపడిన కన్ను మళ్లీ చెదురుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా అద్దంలో ప్రతిఫలించి, ప్రింటులోని నలుపు మీద పొగలా పరుచుకుంటుంది. ఆ నలుపు కోసమే కదా వచ్చింది! అయినా మెరుపు అడ్డొస్తే అర అడుగు పక్కకు జరగండి.

దూరం విషయంలో బొమ్మ మూల నుంచి మూలకు ఉన్న కొలతను లెక్కగా పెట్టుకోవచ్చు. 16×20 అంగుళాల ప్రింటుకు సుమారు 65 సెంటీమీటర్లు. 8×10కి 33 చాలు, కానీ అంత దగ్గరికి వెళ్లనిస్తారో లేదో కాపలా ఉన్నవారిని అడగండి. వంగేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోండి, వేలితో అద్దం వైపు చూపించవద్దు.

ముందు నలుపులు చూడండి. 1927లో తీసిన 'మోనోలిత్, ద ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్'లో (హాఫ్ డోమ్ యోసెమిటీలోని పెద్ద బండ) లెన్సుకు పెట్టిన ఎర్ర ఫిల్టర్ వల్ల ఆకాశం చీకటిగా మారింది. ఆ ఆకాశం, బండ మీది నీడ ఒకే నలుపా, రెండు వేరువేరు నలుపులా? తర్వాత తెలుపులు. ఆడమ్స్ చాలా ప్రింట్లను అంచులు కత్తిరించి తెల్ల అట్టకు అతికించారు, సంతకం ఆ అట్ట మీదే పెన్సిల్‌తో ఉంటుంది. అట్ట కనిపిస్తుంటే మంచును దానితో పోల్చండి: మంచులో కాస్తయినా బూడిద ఛాయ పట్టిందా, వట్టి కాగితమేనా అన్నది తేలిపోతుంది.

ఇప్పుడు పక్కకు వెళ్లి ఏటవాలుగా చూడండి. దుమ్ము మచ్చలను సన్న కుంచెతో కప్పిన చోట మెరుపు కొంచెం తేడాగా ఉండొచ్చు. పాత ప్రింట్ల అంచుల్లో నీలి లోహపు మెరుపు కనిపిస్తే, అది వెండి ఉపరితలానికి చేరడం వల్ల వచ్చినది. 1920ల నాటి ప్రింట్లలో కాగితం తలం మెరుపు లేకుండా మెత్తగా కనిపిస్తుంది, ఆడమ్స్ మరికొందరు ఫొటోగ్రాఫర్లతో కలిసి ఎఫ్/64 బృందం పెట్టిన 1932 నాటికి నున్నగా మెరిసే కాగితాల వైపు మళ్లారు.

డార్క్‌రూమ్‌లో చేతి పని తెలియాలంటే అంచులు, మూలలు మధ్యభాగం కంటే ముదురుగా ఉన్నాయేమో చూడండి. అక్కడ అదనంగా వెలుగు పోసి బర్న్ చేసి ఉంటారు. 1944 నాటి 'వింటర్ సన్‌రైజ్' దొరికితే ఎడమవైపు నల్లని కొండ దగ్గర ఆగండి. లోన్ పైన్ హైస్కూలు విద్యార్థులు ఆ కొండ మీద తెల్లగా రాసిన ఎల్, పి అక్షరాలను ఆడమ్స్ నెగెటివ్‌లోనే తొలగించారు. ఎండ పడిన గడ్డిలో చిన్న గుర్రాన్నీ వెతకండి. తెర మీద అది ఒక చుక్క, ప్రింటులో నాలుగు కాళ్ల జంతువు.

వంద ప్రింట్లనూ ఇలా చూడలేం. మొదట పావుగంటలో మొత్తం ఒక చుట్టు తిరిగి ఆరింటిని ఎంచుకోండి, వెనక్కి వచ్చి ఒక్కోదానికి పది నిమిషాలివ్వండి. పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసుకోండి: అతి ముదురు చోటు, అతి తెల్లని చోటు, కన్ను మొదట ఆగిన చోటు. పెన్ను చాలాచోట్ల అనుమతించరు.

బయటికి వచ్చేముందు మ్యూజియం దుకాణంలో అదే బొమ్మ ఉన్న పుస్తకం తెరవండి. మీరు రాసుకున్న ఆ ముదురు చోటు సిరాలో ఎలా వచ్చిందో చూడండి. అనుమతిస్తే వెంటనే వెనక్కి వెళ్లి గోడ మీది దాన్ని మరొక్కసారి చూసి రండి.