మైన్‌క్రాఫ్ట్‌లో దానంతటదే కోతకు వచ్చే చెరకు తోట

బ్లాకులతో నిర్మాణాలు చేసే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో చెరకు 3 బ్లాకుల ఎత్తు వరకు పెరుగుతుంది. అడుగు బ్లాకును కదిలించకుండా పైభాగాన్ని మాత్రమే నరికితే, మళ్లీ నాటే పని లేకుండా పంట నిరంతరం వస్తూనే ఉంటుంది.

ముందుగా నీటి కాలువను ఆనుకుని ఒక వరుస మట్టి బ్లాకులు వేసి, వాటిపై చెరకు నాటాలి. చెరకుకు ఒకవైపు నీరు ఉంటే, దాని అవతలి వైపున, రెండవ బ్లాకు ఎత్తులో చెరకువైపు తిరిగేలా పిస్టన్‌ను (ముందుకు తోసే యంత్రాన్ని), దానిపైన చెరకునే చూసేలా అబ్జర్వర్‌ను (ఎదుటి బ్లాకులో మార్పును పసిగట్టి సంకేతం పంపే పరికరాన్ని) అమర్చాలి. పిస్టన్ వెనుక గట్టి బ్లాకు పెట్టి, దానిమీద కరెంటు తీగలా సంకేతాన్ని మోసే రెడ్‌స్టోన్ పొడి పరిస్తే, చెరకు మూడవ బ్లాకుకు చేరగానే అబ్జర్వర్ పంపే సంకేతం ఆ పొడి ద్వారా పిస్టన్‌కు అంది, అది చెరకు పైభాగాన్ని నరుకుతుంది. అబ్జర్వర్‌ను తిప్పి పెట్టడమే ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు కాబట్టి, దాని ముఖం ఎటు ఉందో సరిచూసుకోవాలి.

రెడ్‌స్టోన్ పొడిని వరుస పొడవునా కలిపితే అబ్జర్వర్ ఎదుటి ఒక్క మొక్క ఎదిగినా పిస్టన్లన్నీ ఒకేసారి కదులుతాయి. కొంత పంట ముందుగానే తెగినా, ఖర్చు తగ్గించుకోవాలంటే ఒక్క అబ్జర్వర్‌తో సరిపెట్టే ఈ పద్ధతే మేలు.

తెగిన చెరకు చెల్లాచెదురు కాకుండా చుట్టూ గాజు గోడ కట్టాలి. మట్టి కింద పట్టాలపై తిరిగే హాపర్ మైన్‌కార్ట్ (వస్తువులను సేకరించే గరాటు లాంటి హాపర్ ఉన్న బండి) పైన పడిన చెరకును బ్లాకు గుండానే లాగుకోగలదు, మామూలు హాపర్‌కు అది సాధ్యం కాదు. వెలుతురు గురించి చింత అక్కరలేదు, చెరకు చీకటిలోనూ పెరుగుతుంది. అయితే ఆటగాడు చాలా దూరం వెళ్లిపోతే పెరుగుదల ఆగిపోతుంది కనుక, తోటను నివాసానికి దగ్గరలోనే కట్టుకోవాలి.