పాత పోస్టరు బాగుచేసి పటం కట్టడం: గోధుమ పాల గంజి పద్ధతి

తిరుపతి, చిత్తూరు వైపు పాత ఇళ్లలో అటక మీద, బీరువా అడుగున దొరికే కాగితం బొమ్మలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి సినిమా వాల్‌పోస్టరు. చాలావరకు 30×40 అంగుళాలది, పల్చటి నాసి కాగితం. మడతపెట్టి పంపినది కాబట్టి మడతలు కలిసేచోట నాలుగు మూలల చిల్లు తప్పదు. రెండోది దేవుడి పటం. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం నుంచి, ఆ తర్వాత దాన్ని చూసి పెట్టిన మరెన్నో అచ్చుకూటాల నుంచి వచ్చిన రాతి అచ్చు (లిథోగ్రాఫ్) బొమ్మలివి. వీటి కాగితం కాస్త మందం, కానీ వెనకున్న ప్యాకింగ్ చెక్క ఆమ్లం ఎక్కి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది.

రెండింటికీ నియమం ఒక్కటే. మళ్లీ నీళ్లు తగిలిస్తే ఊడిరాని జిగురు ఏదీ పాత కాగితానికి తగలకూడదు. ఫెవికాల్ ఆరాక ప్లాస్టిక్ పొరలా మారి కాగితం పీచులో ఉండిపోతుంది. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు సిరాలోకే దిగుతుంది, తర్వాత ఏ నిపుణుడూ దాన్ని పూర్తిగా తియ్యలేడు. పటాల షాపులో "సార్, బోర్డుకు అతికించి లామినేషన్ కొట్టేస్తాం, గట్టిగా ఉంటుంది" అంటే ఒప్పుకోకండి. గట్టిగా ఉండేది ప్లాస్టిక్కు. లోపల కాగితం ఆమ్లం ఎక్కి పెళుసవుతూనే ఉంటుంది.

ముందు చూసుకోవాల్సింది

పోస్టరును బల్ల మీద పరిచి, ఒక పక్క నుంచి టార్చి వాలుగా కొట్టి చూడండి. లేచిన రంగు పెచ్చులు, పాత అతుకులు, పురుగు తిన్న చోట్లు నేరు వెలుతురులో కనబడవు. ముందూ వెనకా ఫోటోలు తీసి, పొడవు వెడల్పు రాసిపెట్టుకోండి. తడిస్తే కాగితం సాగుతుంది, అసలు కొలత తర్వాత అవసరపడుతుంది.

రంగు పెచ్చులూడుతున్నా, బొమ్మ అద్దానికి అతుక్కుపోయినా, చేతి సంతకం ఉన్నా, ఇంట్లో చెయ్యొద్దు. అద్దం నుంచి లాగితే ముఖం అద్దానికే మిగులుతుంది. బెంగళూరు చిత్రకళా పరిషత్తులో ఇంటాక్ (కళలు, వారసత్వ సంపదను కాపాడే జాతీయ సంస్థ) వారి సంరక్షణ కేంద్రం ఉంది, అలాంటివి అక్కడ చూపించాలి. నున్నగా మెరిసే ఆర్టు పేపరు మీద అచ్చయినవాటిని కూడా తడపకండి. ఆ మెరుపు పూత తడిస్తే జిగురవుతుంది, తాకినదానికల్లా అంటుకుంటుంది.

కాలం కూడా ముఖ్యమే. మన దగ్గర సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఈ పనికి మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో గంజి ఆరదు, మూడోరోజుకే బూజు వాసన వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అంచులు ముందే ఆరి బిగుసుకుంటాయి, నడుమ ఇంకా పచ్చిగా ఉంటుంది. ఆ బిగువుకి మడత దగ్గర చీలుతుంది. ఎండాకాలంలో తప్పదనుకుంటే తెల్లవారుజామున మొదలుపెట్టి, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి చెయ్యండి.

గంజి

గోడలకు పోస్టర్లు అంటించేవాళ్లు మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. గోడకు అది సరే, దాచుకునే కాగితానికి కాదు. మైలుతుత్తంలోని రాగి కాగితం పాడయ్యే వేగాన్ని పెంచుతుంది. మైదాలో సాగే పదార్థం, గ్లూటెన్, గంజిని పచ్చబార్చి బిరుసెక్కిస్తుంది. దాన్ని తీసేసి పిండిపదార్థం ఒక్కటే మిగుల్చుకోవాలి. హల్వాకు గోధుమ పాలు తీయడం తెలిసినవాళ్లకు ఇది కొత్త పని కాదు.

పావుకిలో మైదాను గట్టిగా ముద్ద కలిపి అరగంట నాననివ్వండి. గిన్నెడు నీళ్లలో ఆ ముద్దను పిసుకుతూ పోతే పాలు దిగుతాయి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. పాలను పల్చటి గుడ్డలో వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా పెట్టండి. పొద్దున పైనీళ్లు వంచేసి, కొత్తనీళ్లు పోసి కలిపి మళ్లీ తేరనివ్వండి. రెండుసార్లు ఇలా చేశాక అడుగున మిగిలిన తెల్లటి ముద్దను నీడలో ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు. తయారు గోధుమ స్టార్చ్ ఆన్‌లైన్‌లో దొరికితే అదీ మంచిదే.

ఒక 30×40 పోస్టరుకు 50 గ్రాముల పొడి, 250 మిల్లీలీటర్ల నీళ్లు. గంటసేపు నానబెట్టి, మరుగుతున్న నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి అందులో ఉడికించండి. నేరుగా మంట మీద పెడితే అడుగంటి గోధుమరంగు నలకలు వస్తాయి. తిప్పుతూ 25 నిమిషాలు. ముందు పాలలా ఉన్నది చిక్కబడి, తెల్లదనం పోయి అద్దంలా మెరిస్తే ఉడికినట్టు. పూర్తిగా చల్లారాక సన్నటి జల్లెడలో రెండుసార్లు రుద్ది వడకట్టండి. కాగితం వెనక అతికించడానికి చిక్కటి మజ్జిగలా పల్చన చేసుకోవాలి, పటంలో వేలాడదీసే పట్టీలకు గడ్డపెరుగులా ఉంచాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. పులిసిన వాసన వచ్చినా, నీళ్లు విడిచినా పారబోయండి.

పొడిగా శుభ్రం చెయ్యడం, టేపు తీయడం

తడి చేసే ముందు దుమ్ము పోవాలి. దుమ్ముమీద నీళ్లు పడితే బురదై పీచులోకి దిగుతుంది. రెండంగుళాల మెత్తటి బ్రష్షుతో నడుమ నుంచి బయటికి తుడవండి. తెల్ల ప్లాస్టిక్ రబ్బరును కొబ్బరికోరుతో సన్నగా తురిమి, ఆ తురుమును వేళ్లతో గుండ్రంగా, బరువు వెయ్యకుండా రుద్దండి. మురికిపట్టిన తురుము దులిపి కొత్తది వెయ్యండి. దేవుడి పటాల మీద దీపం మసి, సాంబ్రాణి పొగ, నూనె చేతి ముద్రలు ఉంటాయి. మసి కొంత వస్తుంది. నూనె మరక నీళ్లకు రాదు, దానికోసం పెనుగులాడకండి.

పసుపు కుంకుమ బొట్లు వేరే సంగతి. పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో ఎంత రాలితే అంత రాల్చాలి. తడిస్తే చుట్టూ పాకుతాయి.

సెల్లోటేపుకు హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి కొన్ని సెకన్లు చూపించండి. టేపు కొస లేచాక దాన్ని పైకి లాగకూడదు. దానిమీదకే వెనక్కి మడిచి, కాగితానికి ఆనించినట్టుగా మెల్లగా లాగాలి. పీచు లేస్తుంటే ఆపి, ఎదురు కొస నుంచి రండి. మిగిలిన జిగటను క్రేప్ రబ్బరు (చెప్పుల అడుగుకు వాడే పచ్చి రబ్బరు) ముక్కతో దొర్లించి తీయండి. థిన్నరు, పెట్రోలు పూస్తే సిరా కరుగుతుంది, జిగురు చుట్టూ వలయంగా పాకుతుంది. టేపు కింద పడిన పసుపు మరక మిగిలిపోతుంది, దాన్ని ఉండనివ్వండి. బ్లీచింగు పెట్టకండి, తెల్లబడ్డ చోటే రేపు ముందు పొడిగా రాలుతుంది.

సిరా పరీక్ష, కడగడం

ప్రతి రంగునూ విడిగా పరీక్షించాలి. మూల దగ్గర ఒక నీటిచుక్క, పైన తెల్ల బ్లాటింగు ముక్క, దానిమీద చిన్న బరువు, రెండు నిమిషాలు. బ్లాటింగుకు రంగు అంటితే కడిగే ఆలోచన మానుకోండి. అచ్చు సిరాలు చాలావరకు నిలబడతాయి. మోసం చేసేవి రబ్బరు స్టాంపు ఊదా, ఎరుపు ముద్రలు, పెన్ను సిరా.

బోరు నీళ్లు వాడకండి. వాటిలో ఇనుము ఉంటే కాగితం మీద తుప్పు చుక్కలు తేలతాయి. ఆర్‌ఓ నీళ్లు, లేదా బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. 30×40 కాగితం పట్టే తొట్టి ఇళ్లలో ఉండదు కాబట్టి సన్‌మైకా బల్లమీద పాలిస్టర్ షీటు (గుడ్డ కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) పరిచి, బల్లను కొద్దిగా వాలుగా పెట్టండి. పోస్టరుకు కిందా పైనా, నేయకుండా పీచును అదిమి చేసే నాన్‌వోవెన్ గుడ్డ ఉండాలి. టైలరు సామాన్ల షాపులో అడిగితే దొరుకుతుంది. ఇస్త్రీకి అంటుకునే జిగురు చుక్కలు లేనిదే తీసుకోండి. స్ప్రేతో మొత్తం ఒకేసారి సమంగా తడపండి. మరక ఉన్నచోట మాత్రమే తడిపితే తడి ఆగిన గీతలో గోధుమరంగు అంచు కడుతుంది, అది మరకకన్నా మొండిది. పావుగంటకు పసుపు నీళ్లు దిగుతాయి. పాత తెల్ల పంచెతో అద్ది, మళ్లీ తడపండి. మూడుసార్లకు నీళ్లు తేరుకుంటాయి.

ఆఖరిసారి నీళ్లలో సున్నపు తేట కొద్దికొద్దిగా కలపాలి. నాసి కాగితంలో ఉన్న ఆమ్లాన్ని అది తగ్గిస్తుంది, కొంత సున్నం పీచులో నిలిచి ముందుముందు కాపాడుతుంది. పీహెచ్ పట్టీ (ఆమ్లం, క్షారం కొలిచే కాగితం) మీద 8 నుంచి 8.5 మధ్య ఆగాలి. పట్టీ లేకపోతే పసుపు రాసి ఆరబెట్టిన కాగితం ముక్క ముంచి చూడండి. ఎర్రబడిందంటే సున్నం ఎక్కువైనట్టే, నీళ్లు కలపండి. పసుపు బొట్ల మరకలున్న పటానికి ఈ తేట అసలు తగలకూడదు, మరక అక్కడికక్కడే కుంకుమరంగు తిరుగుతుంది. పాత రాతి అచ్చు బొమ్మల్లో కృష్ణుడి ఒంటికి, ఆకాశానికి వాడిన ముదురు నీలం ప్రష్యన్ బ్లూ అయ్యే అవకాశం ఎక్కువ. అది క్షారానికి వెలిసిపోతుంది. అలాంటి నీలం కనిపిస్తే సున్నం వదిలేసి ఉత్త నీళ్లతోనే ముగించండి.

వెనక కాగితం వెయ్యడం

వెనక వేసేది 30 నుంచి 40 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) ఉన్న జపాన్ కోజో కాగితం, అంటే మల్బరీ జాతి చెట్టు బెరడు పీచుతో చేసేది. పొడవాటి పీచు ఉంటుంది, తడిసినా తెగదు. పోస్టరుకన్నా చుట్టూ రెండంగుళాలు పెద్దదిగా కావాలి. అంత వెడల్పు దొరక్కపోతే కత్తిరించకుండా తడిగీత గీసి చింపిన రెండు ముక్కలను పావంగుళం ఒకదానిమీద ఒకటి వచ్చేలా కలపండి. చింపిన అంచు పీచు కలిసిపోతుంది, కత్తిరించిన అంచు ముందువైపు గీతగా తేలుతుంది.

తడిపిన పాలిస్టర్ షీటు మీద పోస్టరును బోర్లా పెట్టి, చీలికల అంచులు బ్రష్షు కొసతో జరిపి కలపండి. తడిగా ఉన్నప్పుడు అవి సులువుగా కదులుతాయి. తొందర ఇక్కడే పనికిరాదు. వంకరగా కలిసిన చీలిక తర్వాత సరికాదు. ఇంకో షీటు మీద కోజో కాగితం పరిచి మజ్జిగ గంజి అంతటా సమంగా పట్టించండి. ఆ షీటుతో సహా ఎత్తి, గంజివైపు కిందికి, ఒక అంచు నుంచి మెల్లగా పోస్టరు వీపు మీదికి దించండి. ఇద్దరు మనుషులు కావాలి. పైషీటు తీసి, పొడి బ్రష్షుతో నడుమ నుంచి బయటికి నొక్కుతూ గాలి పోగొట్టండి. బుడగ మిగిలిందంటే అక్కడ గంజి తగలలేదని. అది ఆరాక ఉబ్బుగా నిలిచిపోతుంది, ఇప్పుడే ఆ మూల లేపి గంజి వెయ్యాలి.

ఇప్పుడు కోజో కాగితం అంచుకు చుట్టూ అంగుళం మేర గడ్డ గంజి రాయండి. కింది షీటుతో సహా మొత్తం ఎత్తి, వీపు వైపు సన్‌మైకా పలకకు తగిలేలా పెట్టి, అంచులు నొక్కి, బొమ్మ ముఖం మీది షీటును నేలబారుగా లాగి తీసేయండి. ముందువైపు కారిన గంజిని తడి స్పాంజితో అద్దండి, లేకపోతే ఆరాక మెరుస్తుంది. ఒక అంచు కింద సన్నటి పాలిస్టర్ ముక్క బయటికి వచ్చేలా ఉంచండి. తర్వాత చాకు దూర్చడానికి దారి అదే. రెండురోజులకు ఆరినట్టే కనిపిస్తుంది, కానీ వారం ఆగండి. ముందే కోస్తే ఒకరాత్రిలో చాపలా చుట్టుకుంటుంది.

గుడ్డ వెయ్యాలనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాడకుండా ఉండటమే మంచిది, చెమ్మకు గుడ్డ ఒకలా, కాగితం ఒకలా కదులుతాయి. ఆరు షీట్ల పెద్ద పోస్టరుకు మాత్రం తప్పదు. అప్పుడు గాడా (ముతక నూలు) గుడ్డను వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టి, పలకకు బిగించి, దానిమీద ముందు ఒక మందపాటి కాగితం, ఆపైన పోస్టరు వెయ్యండి. శ్రీకాళహస్తిలో గాడా తెచ్చుకుంటే కలంకారీకి కరక్కాయ, పాలు పట్టించిన పసుపుపచ్చ గుడ్డ ఇవ్వకుండా చూసుకోండి. కరక్కాయ టానిన్, పాలకొవ్వు రెండూ కాగితానికి శత్రువులే.

చిల్లులకు అదే మందం కాగితాన్ని ఆకారానికి చింపి పెట్టి, నీటి రంగులతో చుట్టుపక్కల రంగుకు కలిసేలా వేస్తే చాలు. అసలు అచ్చు మీదికి కుంచె పోకూడదు.

పటం కట్టించడం

కోజో అంచులు కోసి, పై అంచున గడ్డ గంజి రాసిన రెండే కాగితం పట్టీలతో ఆమ్లం లేని మౌంటు బోర్డుకు వేలాడదీయండి. నాలుగువైపులా అతికిస్తే వానాకాలంలో సాగడానికి చోటులేక అలలు లేస్తుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పటాల షాపుల్లో ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి. అద్దానికీ బొమ్మకూ మధ్య 5 మిల్లీమీటర్ల పట్టీ పెట్టాలి. వెనక ప్లైవుడ్డు, ఎండీఎఫ్ కాకుండా సన్‌ప్యాక్ షీటు, అంటే లోపల గుల్లగా ఉండే ప్లాస్టిక్ అట్ట, వెయ్యాలి. బొమ్మకు ఏ టేపూ, జిగురూ తగిలించకూడదు.

పడమటి బయటి గోడకు తగిలించకండి. మధ్యాహ్నం ఎండకు ఆ గోడ కాగి, వానకు చెమ్మ పీలుస్తుంది. కింది మూలలకు చిన్న రబ్బరు బుడిపెలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. పూజగది దీపానికి ఎదురుగా వద్దు. వానలు వెళ్లాక ఏడాదికోసారి దించి వీపు చూడండి. అంచుల్లో పొడి, వెండిరంగు పురుగు, చెదమట్టి గీత కనిపిస్తే వెంటనే పటం విప్పండి.