వీడియో గేమ్‌కు సంగీతం ఎలా సమకూర్చాలి?

సినిమాకు నేపథ్య సంగీతం చేసేవారికి ఒక సౌలభ్యం ఉంది: ఏ సన్నివేశం ఎన్ని సెకన్లు నడుస్తుందో వారికి ముందే తెలుసు. గేమ్‌కు సంగీతం చేసేవారికి అది తెలియదు. ఒకరు అర నిమిషంలో దాటిపోయిన గదిలో మరొకరు అరగంట చిక్కుకుపోవచ్చు. అందువల్ల గేమ్ సంగీతం ఎంతసేపు మోగినా విసుగు పుట్టించకూడదు, ఆట మలుపు తిరిగిన క్షణంలోనే తానూ మలుపు తిరగాలి. ఈ రెండు గుణాలనూ బాణీ పూర్తయ్యాక అతికించడం సాధ్యం కాదు కనుక, పనిని మొదటి నుంచీ ఆ దృష్టితోనే నడపాలి. కొంత సంగీత పరిచయం ఉండి, ఒక చిన్న గేమ్‌కు సంగీతం చేయదలచిన వారిని ఉద్దేశించి ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా ఆట ఆడండి, పట్టిక రాయండి

వాద్యం ముట్టుకోకముందే, గేమ్ అసంపూర్తిగా ఉన్నా సరే, దాన్ని ఆడి చూడండి. ప్రారంభ తెర, అన్వేషణ, ప్రమాద సూచన, పోరాటం, గెలుపు, ఓటమి వంటి స్థితులన్నింటినీ వరుసగా రాసి, ఒక్కో స్థితికి ఎదురుగా రెండు విషయాలు నమోదు చేయండి: అక్కడ ఆటగాడికి కలగవలసిన భావం ఏమిటి, అక్కడ సంగీతం అతనికి చెప్పవలసిన సమాచారం ఏమిటి.

రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, కానీ గేమ్ సంగీతానికి ప్రాణం అందులోనే ఉంది. 1978లో వచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో వినిపించేది నాలుగు మంద్ర స్వరాలే. శత్రువుల కదలికతో పాటు ఆ స్వరాల వేగమూ పెరుగుతుంటే ఆటగాడి ఆందోళన కూడా పెరుగుతుంది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో మిగిలిన సమయం వంద కంటే తగ్గగానే కోజీ కోండో బాణీ వేగం పుంజుకుంటుంది. గడియారం వైపు చూడకుండానే తొందరపడాలని ఆటగాడికి అర్థమవుతుంది. మీ పట్టికలో నిశ్శబ్దానికీ కొన్ని గళ్లు కేటాయించండి. ఎడతెగకుండా మోగే సంగీతాన్ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది, అప్పుడు అది ఏ సమాచారమూ ఇవ్వలేదు.

2. శ్రుతిని, వేగాన్ని ముందే నిర్ణయించండి

ఒకదాని నుంచి మరొకదానికి మారవలసిన బాణీలు ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో ఉంటే, లేదా వేగాలు ఒకదానికొకటి రెట్టింపుగా ఉంటే, ఎక్కడ కలిపినా అతుకు తెలియదు. 2010లో విడుదలైన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ సంగీతంలో అధిక భాగాన్ని ఎ మైనర్‌లో, నిమిషానికి 130 బీట్ల వేగంతో రికార్డు చేశారు. అంత విశాలమైన ఆటలో ఏ వాద్య భాగం ఎప్పుడు వచ్చి చేరినా లయ చెడకపోవడానికి ఈ నియమమే కారణం. ఇది స్వరకర్త స్వేచ్ఛను కొంత హరిస్తుందన్న మాట నిజమే అయినా, తొలి ప్రయత్నంలో ఇంతకంటే మేలు చేసే నిర్ణయం మరొకటి లేదని నా అభిప్రాయం.

3. అతుకు తెలియని లూప్‌ను తయారు చేయండి

చివరికి చేరగానే మళ్లీ మొదటి నుంచి మోగే బాణీనే లూప్ అంటారు. దాని నిడివిని లెక్కగట్టి నిర్ణయించాలి. నిమిషానికి 120 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి సరిగ్గా 2 సెకన్లు పడుతుంది. 32 బార్లు 64 సెకన్లు. అన్వేషణ వంటి దీర్ఘమైన స్థితులకు కనీసం రెండు నిమిషాల లూప్ ఉండటం మంచిది. అందులో అందరినీ ఆకట్టుకునే పల్లవి ఒకే ఒక్కసారి రావాలి. వినగానే మనసులో నాటుకునే స్వరాలే పదేపదే వినిపించినప్పుడు అన్నింటికంటే ముందు విసుగు తెప్పిస్తాయి.

చివరి స్వరం ఆగిన తర్వాత కూడా దాని ప్రతిధ్వని కొంతసేపు మిగులుతుంది. ఫైలును అక్కడే కోసేస్తే లూప్ తిరిగి మొదలైన ప్రతిసారీ ఆ ప్రతిధ్వని హఠాత్తుగా తెగిపోతుంది. దీనికి సులభమైన ఉపాయం, బాణీని వరుసగా రెండుసార్లు రికార్డు చేసి రెండో ఆవృత్తిని మాత్రమే కత్తిరించి వాడుకోవడం. మొదటి ఆవృత్తి ప్రతిధ్వని దాని ఆరంభంలో అప్పటికే కలిసి ఉంటుంది. ఫైలును ఎంపీ3గా భద్రపరచవద్దు. ఆ పద్ధతి ఫైలు మొదట్లో స్వల్పమైన ఖాళీని చేరుస్తుంది కాబట్టి అతుకు దగ్గర లయ తడబడుతుంది. వేవ్ లేదా ఓజీజీ ఫైళ్లతో ఈ చిక్కు ఉండదు.

4. పొరలుగా విడదీయండి, మార్పులను రూపొందించండి

ఆటతో పాటు సంగీతం మారడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఒకే బాణీని పొరలుగా విడదీయడం: అన్వేషణలో తంత్రీ వాద్యాలు మాత్రమే వినిపిస్తాయి, ప్రమాదం పొంచి ఉన్నప్పుడు మంద్ర స్వరాలు చేరతాయి, పోరాటంలో డ్రమ్స్ అందుకుంటాయి. 1998 నాటి ‘బాంజో-కజూయీ’లో గ్రాంట్ కిర్క్‌హోప్ బాణీ ఈ మార్గానికి చక్కని పాఠం, పాత్ర నీటిలో మునిగితే అదే బాణీ వేరే వాద్యాలపై సాగుతుంది. రెండో మార్గం, బాణీని ఖండాలుగా రాసి, ఒక ఖండం నుంచి మరో ఖండానికి తగిన చోట దాటించడం. గేమ్ సంస్థ లూకాస్‌ఆర్ట్స్‌లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ రూపొందించిన ‘ఐమ్యూజ్’ వ్యవస్థ 1991లో ‘మంకీ ఐలాండ్ 2’లో ఈ పనిని ఎంతో నేర్పుగా చేసింది.

చిన్న గేమ్‌కు పొరల పద్ధతే అనువైనది. గెలుపు, ఓటమి వంటి క్షణిక సంఘటనలకు రెండు మూడు సెకన్ల చిన్న స్వర గుచ్ఛాలను విడిగా సిద్ధం చేసుకోండి.

5. ఇంజిన్‌లో అమర్చండి

ఎఫ్‌మాడ్, వైజ్ అనేవి సంగీతాన్ని ఇంజిన్‌తో, అంటే గేమ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌తో, జోడించే పనికోసమే ఉన్న సాఫ్ట్‌వేర్లు. మరీ చిన్న గేమ్ అయితే యూనిటీ, గోడో వంటి ఇంజిన్ల సొంత సదుపాయాలే చాలు. పొరలన్నింటినీ ఒకే క్షణంలో మొదలుపెట్టి, అవసరం లేనివాటి ధ్వనిని సున్నాలో ఉంచండి. ప్రమాదాన్ని సున్నా నుంచి వంద వరకు ఒక అంకెగా తీసుకుని, అది 60 దాటినప్పుడు డ్రమ్స్‌ను పెంచి, 40కి దిగినప్పుడే తగ్గించండి. రెండింటికీ ఒకే హద్దు పెడితే, ఆటగాడు ఆ హద్దు దగ్గర అటూ ఇటూ తిరిగినప్పుడల్లా డ్రమ్స్ వచ్చి పోతూ చిరాకు పెడతాయి.

6. ఇతర ధ్వనులకు చోటివ్వండి

అడుగుల చప్పుడు, సంభాషణ, హెచ్చరికలు సంగీతంలో మునిగిపోకూడదు. మాట వినిపించినప్పుడు సంగీతం దానంతట అదే తగ్గేలా ఏర్పాటు చేయండి. సంగీత స్థాయిని విడిగా మార్చుకునే వీలు ఆటగాడికి తప్పక ఇవ్వండి. వినికిడి లోపం ఉన్నవారూ ఆడతారు కనుక, సంగీతం ఇచ్చే ముఖ్యమైన సమాచారమేదైనా తెరపై కూడా కనిపించాలి.

7. హక్కులను కాగితంపై పెట్టండి

సంగీతం ఎవరి సొత్తు, దాన్ని ఆల్బమ్‌గా విడుదల చేసుకునే హక్కు ఎవరిది అన్నవి పని మొదలుకాకముందే రాసుకోండి. గేమ్ సంగీతానికి నేడు స్వతంత్రమైన జీవితం ఉంది: 2012 నాటి ‘జర్నీ’కి ఆస్టిన్ వింటరీ చేసిన సంగీతం గ్రామీ నామినేషన్ పొందింది, 2023 నుంచి గేమ్ సంగీతానికి గ్రామీలో ప్రత్యేక విభాగమే ఏర్పడింది.

8. ఇతరుల చేత ఆడించండి

సంగీతం ఎలా ఉందని అడగకుండా, పక్కన కూర్చుని గమనించండి. ఎవరైనా సంగీతాన్ని తగ్గించినా, పూర్తిగా ఆపేసినా, అప్పటికి ఆ లూప్ ఎన్నిసార్లు తిరిగిందో, ఆట ఏ స్థితిలో ఉందో రాసుకోండి. బాణీ తిరగరాయడానికి ముందు ఆ స్థితికి సంగీతం అసలు అవసరమా అని మీ పట్టికలో మరోసారి చూడండి. చాలా సందర్భాల్లో అక్కడ కొన్ని సెకన్ల నిశ్శబ్దం చేర్చడంతోనే సమస్య తీరుతుంది.