బొమ్మను చదవడం, 3వ పాఠం: ముఖాన్ని చివర్లో చూద్దాం

పోయిన పాఠంలో వెలుగు ఎటు నుంచి పడుతోందో చూశాం. ఈసారి బొమ్మలోని ముఖాన్ని అరచేత్తో మూసేయండి. కళ్లు కనబడగానే "పాపం, దిగులుగా ఉంది" అనేస్తాం, ఇక మిగతాదేదీ చూడం.

ముందు చీర చూడండి. పాత పద్ధతి గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు మెరిసినట్టు నూలు మెరవదు. బొమ్మలో చీరంతా ఒకేలా తళతళలాడితే, చీరను ఎదురుగా పెట్టుకుని వేయలేదేమో అనుకుంటాను. పోచంపల్లి చీరైతే నేయకముందే దారానికి రంగులు అద్దుతారు. అందుకే పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. గీత గీసినట్టు ఉందంటే ఆ చెదురు చిత్రకారుడి కంటికి ఆనలేదన్నమాట.

తర్వాత చేతులు. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి గోడకు నానమ్మ బొమ్మ ఉంది. ఆమె పోయాక, కార్డు మీది చిన్న ఫోటో ఇస్తే బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన ఆయిల్ పెయింట్‌తో వేశాడు. ముఖం అచ్చం ఆమెదే. అయినా ఆ బొమ్మ ముందు నిలబడితే ఏదో తేడాగా అనిపించేది. చాలా ఏళ్ల తర్వాత ముఖం మూసి చూశాను. ఒళ్లో పెట్టుకున్న చేతులు నున్నగా, వేళ్లు సన్నగా ఉన్నాయి. మా నానమ్మవి పల్లి చేన్లలో కలుపు తీసిన చేతులు. జొన్న కోతలో కొడవలి తగిలి తెగి ఎడమ చూపుడువేలు వంకర పోయింది. ఫోటోలో చేతులు లేవు కదా, ఆయన తనకు తెలిసిన చేతులు పెట్టాడు. అచ్చం మనిషిలా ఉన్న బొమ్మలోనూ చూసి వేసింది కొంత, ఊహించి వేసింది కొంత ఉంటాయి.

ఇక చూపు. రాజా రవివర్మ 1893లో వేసిన ఒక చిత్రానికి 'అదిగో నాన్న' అని అర్థం వచ్చే పేరుంది. బిడ్డనెత్తుకుని నిలబడింది రవివర్మ కూతురు మహాప్రభ. తల్లీ బిడ్డా ఎడమవైపు, చిత్రం బయటికి చూస్తున్నారు. నాన్న మాత్రం ఎక్కడా లేడు. పేరు తీసేస్తే ఎవరో వస్తున్నారని చెప్పగలం, వచ్చేది నాన్నే అని చెప్పలేం. నాకు ఆ ఖాళీ జాగానే ఈ చిత్రంలో అన్నిటికన్నా ఇష్టం.

ఈ వారం మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఉన్న ఒక స్త్రీ బొమ్మ తీసుకోండి. కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు కంటికి కనబడినవి, కుడివైపు మీరు అనుకున్నవి రాయండి. ఎడమవైపు పది వచ్చేదాకా కుడివైపు కలం పెట్టొద్దు.