కిడ్నీ రోగుల వాట్సాప్ గ్రూపులు: కొత్తవాళ్ళను చేర్చే ముందు అడ్మిన్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, అదే ఏడాది నవంబరులో మదనపల్లెలో అక్రమ కిడ్నీ మార్పిడులు బయటపడ్డాయి. మదనపల్లెలో కిడ్నీ ఇచ్చిన మహిళ ప్రాణమే పోయింది. రెండు చోట్లా రోగికీ, కిడ్నీ ఇచ్చేవాళ్ళకీ నడుమ దళారులున్నారు. దళారికి ముందుగా కావలసింది ఒక చిట్టా: ఎవరికి కిడ్నీ కావాలి, బ్లడ్ గ్రూపు ఏమిటి, ఎన్నాళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నారు, ఇంట్లో ఇచ్చేవాళ్ళున్నారా, అప్పో సప్పో చేసి ఎంత తేగలరు. ఈ వివరాలన్నీ మన గ్రూపుల్లో మనమే రోజూ రాసుకుంటున్నాం.

డయాలసిస్ సెంటర్ దగ్గర పరిచయమైన పది పదిహేను కుటుంబాలతో మొదలై వంద, నూట యాభై మందికి చేరిన గ్రూపుల అడ్మిన్ల కోసం ఇది రాస్తున్నాం. గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దు, రాజకీయాలు వద్దు అన్న నియమాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. గ్రూపుల్ని నిలువునా ముంచుతున్న తప్పు ఒకటుంది. పది మందికీ ఉపయోగపడుతుందన్న మంచి మనసుతోనే అడ్మిన్లు ఆ తప్పు చేస్తున్నారు. గ్రూపు లింకును బయట పెడుతున్నారు.

లింకు సంగతి

వాట్సాప్ గ్రూపు లింకుకు గడువు లేదు. అడ్మిన్ రీసెట్ చేసేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది. ఎవరు ఎవరికి పంపారో మీకు తెలియదు. మీరు ఫేస్‌బుక్‌లో ఒక కామెంటు కింద పెట్టిన లింకును ఇంకెవరో యూట్యూబ్ వీడియో కింద పెడతారు, అక్కడినుంచి గ్రూపు లింకులన్నీ పోగేసే సైట్లకు చేరుతుంది. 2020 ఫిబ్రవరిలో వేలాది ప్రైవేటు గ్రూపుల లింకులు గూగుల్ వెతుకులాటలో కనబడ్డాయి. తర్వాత దాన్ని సరిచేశారు గానీ, బయటి పేజీల్లో ఎవరైనా అతికించిన లింకు అక్కడే ఉండిపోతుంది. క్యూఆర్ కోడ్ కూడా అదే లింకు. డయాలసిస్ సెంటర్ గోడకు క్యూఆర్ అతికించడమంటే లింకును రోడ్డు మీద పెట్టడమే.

లోపలికి వచ్చినవాడు ఏం చేస్తాడో చూడండి. చేరిన మరుక్షణం గ్రూపులో ఉన్న నూట యాభై మంది నంబర్లూ అతనికి కనబడతాయి. చాలామందివి పేర్లూ, డీపీలూ కూడా. నంబర్లు రాసుకుని వెళ్ళిపోయే రకం ఒకటి. కిడ్నీలో రాళ్ళు కరిగిస్తాం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) తగ్గిస్తాం అంటూ పొడులమ్మేవాళ్ళు ఎక్కువగా ఈ బాపతే. రెండో రకం మరీ ప్రమాదం. ఒక్క మాట మాట్లాడడు, వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. తర్వాత ఒక రోజు మధ్యాహ్నం, రోగి డయాలసిస్ సిట్టింగ్‌లో ఉన్నప్పుడు, కొడుక్కో భార్యకో ఫోన్ వస్తుంది.

"అన్నా, నేను మన గ్రూపులోనే ఉంటాను. నాన్నగారికి బి పాజిటివ్ కావాలని మొన్న పెట్టారు కదా. మా బావగారికి చేయించినాయన ఉన్నాడు, నమ్మకస్తుడు. ముందు టెస్టులకు మాత్రం కొంచెం పంపాలి."

ఇందులో "మన గ్రూపులోనే ఉంటాను" అన్న మాట దగ్గరే డబ్బు పోతుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేస్తే పెట్టేసే మనిషి, గ్రూపు పేరు వినగానే కూర్చుని మాట్లాడతాడు. టెస్టుల పేరుతో ఒకసారి, కమిటీ అనుమతి పేరుతో ఇంకోసారి, డోనర్ ఇంటివాళ్ళకు అడ్వాన్సంటూ మరోసారి పంపుతాడు. మోసమని తెలిశాక పోలీసు దగ్గరికి వెళ్ళడానికి భయం, ఎందుకంటే డబ్బిచ్చి అవయవం కొనడం కూడా నేరమే. అవయవ మార్పిడి చట్టం ప్రకారం 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. దళారి ధైర్యమంతా ఆ భయమే.

ఇక్కడ ఎవడూ ఏదీ హ్యాక్ చేయలేదని గమనించండి. మెసేజ్‌లకు ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా అది బయటివాళ్ళనే ఆపుతుంది, సభ్యుణ్ణి ఆపదు. 2025 మార్చిలో అమెరికా ఉపాధ్యక్షుడు, రక్షణ మంత్రి ఉన్న సిగ్నల్ (వాట్సాప్ లాంటి యాప్) గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణి చేర్చారు. యెమెన్ మీద దాడుల వివరాలు ఆయన కూర్చున్నచోటే చదివాడు.

కాబట్టి లింకు బయట పెట్టకండి. ఇదివరకే పెట్టి ఉంటే ఇప్పుడే రీసెట్ చేయండి. గ్రూపు పేరు మీద నొక్కి, ఇన్వైట్ లింకు తెరిస్తే రీసెట్ లింక్ అని ఉంటుంది. పాత లింకు ఆ క్షణమే చచ్చిపోతుంది. అయితే దానితో లోపలికి వచ్చినవాళ్ళు లోపలే ఉంటారు. వాళ్ళ సంగతి విడిగా చూసుకోవాలి.

చేర్చుకునే పద్ధతి

గ్రూప్ పర్మిషన్స్‌లో మూడు మార్చండి. సభ్యుల్ని చేర్చే అధికారం అడ్మిన్లకే ఉంచండి. గ్రూపు సెట్టింగులు మార్చే అధికారం అడ్మిన్లకే. అప్రూవ్ న్యూ మెంబర్స్ ఆన్ చేయండి. దీనితో లింకు ఎక్కడైనా జారిపోయినా, వచ్చినవాడు నేరుగా లోపలికి రాలేడు, అడ్మిన్ ఒప్పుకోవాలి. ఇది ఆన్ చేశాం కదా, ఇక లింకు ఎక్కడ పెట్టినా ఫర్వాలేదనుకునే అడ్మిన్లున్నారు. రోజుకు ముప్పై రిక్వెస్టులు వస్తుంటే నాలుగో రోజునుంచి చూడకుండానే ఒప్పుకుంటూ పోతారు. లింకు బయట పెట్టకండి.

రిక్వెస్టు వచ్చిన నంబరుకు మామూలు ఫోన్ చేయండి. ప్రశ్నలు ఇవి: రోగి మీకేమవుతారు? ఏ సెంటరు? ఏ రోజులు, ఏ షిఫ్టు? ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) ఉందా, ఇంకా క్యాథెటర్ (గొట్టం) మీదే నడుస్తోందా? గ్రూపు సంగతి ఎవరు చెప్పారు? ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు "మంగళ, గురు, శని, రెండో షిఫ్టు" అని ఆలోచించకుండా చెప్తారు, ఎందుకంటే వాళ్ళ వారమంతా ఆ లెక్కమీదే నడుస్తుంది. లేనివాళ్ళు తడబడతారు, లేదా "అవన్నీ తర్వాత చెప్తాను, ముందు యాడ్ చేయండి" అంటారు. చెప్పిన పరిచయస్తుడికి కూడా ఒక ఫోన్ చేసి అడగండి. అతను "నాకు గుర్తులేదు" అంటే చేర్చకండి.

రుజువుగా రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఫొటోలు అడగకండి. అడిగితే వందమంది కాగితాలు మీ ఫోన్లో పోగుపడతాయి. ఆ ఫోన్ పోయిన రోజు వాటికి జవాబుదారీ మీరే.

వారానికి నలుగురైదుగుర్ని మించి చేర్చకండి. కొత్తవాళ్ళు తమ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, పాతవాళ్ళలో ఒకరిద్దరైనా పలకరించాలి, అది అయ్యాకే తర్వాతి బ్యాచ్. ఒకేసారి నలభై మంది వస్తే ఎవరు ఎవరో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు మొదట జరిగేది పాతవాళ్ళు మాట్లాడడం మానేయడం. భార్యకు కిడ్నీ ఇవ్వాలా వద్దా అని మథనపడే మనిషి, బీపీ పడిపోయి మిషన్ మీదే స్పృహ తప్పిన సంగతి చెప్పుకునే మనిషి, తెలియని నంబర్లు యాభై కనబడగానే నోరు కట్టుకుంటారు. వాళ్ళు పోయాక మిగిలేవి ఫార్వర్డ్‌లు. గ్రూపు పెద్దదవుతోందని అడ్మిన్ సంతోషిస్తున్న నెలల్లోనే ఇది జరుగుతుంది.

వాట్సాప్ 1024 మంది దాకా ఒప్పుకుంటుంది. అంతమందిని నింపాలని ఎక్కడా లేదు. రెండు వందలు దాటుతున్నాయంటే సెంటర్ వారీగానో జిల్లా వారీగానో మరో గ్రూపు పెట్టి, అక్కడి మనిషినే అడ్మిన్ చేయండి.

పది మందికీ చేరాలన్న మీ కోరిక న్యాయమైనదే. దానికి వాట్సాప్ ఛానల్ పెట్టండి. ఛానల్‌లో చేరినవాళ్ళ నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు, అడ్మిన్‌కూ కనబడవు. జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) నమోదు ఎలా, ఏ పథకం కింద డయాలసిస్ ఉచితం, పొటాషియం తగ్గడానికి కూరలు ఎలా వండాలి, ఇవన్నీ అక్కడ పెట్టండి, ఛానల్ లింకు ఊరంతా పంచండి. మాట్లాడుకునే గ్రూపు లింకు మాత్రం బయట పెట్టకండి.

లోపలివాళ్ళ ఫోన్లు

ఎంత జాగ్రత్తగా చేర్చుకున్నా, సభ్యుడి ఖాతాయే దొంగ చేతిలో పడితే అతను మన మనిషి పేరుతోనే లోపల ఉంటాడు. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, పెళ్ళి శుభలేఖ పేర్లతో వస్తున్న ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్లో యాప్‌ను ఎక్కించేవి) ఇలాగే గ్రూపునుంచి గ్రూపుకు పాకుతున్నాయి. ఆరోగ్యశ్రీ పేరు చూస్తే మన గ్రూపుల్లో ఎవరైనా నొక్కేస్తారు. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ఎవరు పంపినా తెరవొద్దని నెలకోసారి చెప్పండి.

సభ్యులందరూ టూ స్టెప్ వెరిఫికేషన్ కింద 6 అంకెల పిన్ పెట్టుకోవాలి. పెద్దవాళ్ళకు సిట్టింగ్ దగ్గర కూర్చుని మీరే పెట్టించండి, రెండు నిమిషాల పని. లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటరు కనబడితే లాగౌట్ చేయించండి. ఓటీపీ ఇచ్చేయడమే కాదు, ఎవరో పంపిన పెయిరింగ్ కోడ్‌ను (మన ఖాతాను ఇంకో పరికరానికి కలిపే కోడ్) వాట్సాప్‌లో కొట్టినా ఖాతా పోతుంది.

అడ్మిన్లు ఇద్దరికి తగ్గకూడదు, నలుగురికి మించకూడదు. ఒక్కరే ఉండి ఆ ఖాతా పోతే గ్రూపు మొత్తం దొంగ చేతికి వెళ్ళినట్టే.

ఇక మిగతావి వరసగా

రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పైభాగం కత్తిరించాలి. పేరు, ఆసుపత్రి నంబరు, ఫోన్, బార్‌కోడ్ ఏవీ కనబడకూడదు. డాక్టరు సలహాకైనా, తోటివాళ్ళ మాటకైనా క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ అంకెలు చాలు.

బ్లడ్ గ్రూపు, ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు, "ఎంతైనా ఇస్తాం" అన్న మాట ఒకే మెసేజ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. "ఎంతైనా ఇస్తాం" అన్నది అసలే రాయకూడదు. కనబడిన వెంటనే అడ్మిన్ తీసేయాలి.

డోనర్ దొరుకుతాడని గ్రూపు పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా అది మోసమే అనుకోండి. దగ్గరి బంధువులు కానివాళ్ళు కిడ్నీ ఇవ్వాలంటే ప్రభుత్వ అనుమతి కమిటీ చూడాలి. జీవన్‌దాన్‌లో పేరు ఆసుపత్రి ద్వారా నమోదవుతుంది, వరసలో ముందుకు జరిపిస్తామనేవాడు దొంగ.

గ్రూపులో చందాల క్యూఆర్ కోడ్‌లు వద్దు. సాయం చేయాలనుకున్నవాళ్ళు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కు ఫోన్ చేసి, ఆసుపత్రి ఖాతాకే కట్టాలి.

అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేయండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయడం ఆగుతుంది. స్క్రీన్‌షాట్ ఆగదు, ఆ సంగతి సభ్యులకు స్పష్టంగా చెప్పండి.

మెసేజ్‌లు 90 రోజులకు మాయమయ్యేలా పెట్టండి. పనికొచ్చే సమాచారాన్ని ముందే ఛానల్‌లోకి ఎక్కించుకోండి.

నంబరు మారిందని ఎవరైనా చెబితే పాతది ఆ రోజే తీసేయండి. మూసేసిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు.

కొత్త నంబరునుంచి "నేనే, యాడ్ చేయండి" అంటే గొంతు వినకుండా చేర్చకండి.

ల్యాబ్ ఏజెంట్లు, ఇన్సూరెన్స్ వాళ్ళు, మందుల ప్రతినిధులు: ఒక్కరు కూడా వద్దు. మంచివాళ్ళయినా వద్దు.

సెంటర్ టెక్నీషియన్ని చేర్చితే రోగులు సెంటర్ గురించి నిజం చెప్పరు. చేర్చకండి.

ఎవరినైనా తీసేస్తే ఎందుకు తీసేశారో గ్రూపులో ఒక వాక్యం రాయండి. చెప్పకుండా తీసేస్తే మిగతావాళ్ళు ఊహించుకుంటారు.

రోగి చనిపోయిన ఇంటివాళ్ళను తొందరపడి తీసేయకండి. వాళ్ళు ఉంటామంటే ఉండనివ్వండి.

లింకు అడిగినవాళ్ళకు లింకు ఇవ్వకండి, అడ్మిన్ నంబరు ఇవ్వండి.

స్థానిక నాయకుడు అడిగినా ఇవ్వకండి. పేపర్లో వార్త రాస్తామన్న విలేకరి అడిగినా ఇవ్వకండి.

మూడు నెలలకోసారి ఇద్దరు అడ్మిన్లు కూర్చుని సభ్యుల జాబితా పైనుంచి కిందికి చదవాలి. ఇద్దరిలో ఎవరికీ తెలియని నంబరు కనబడితే ఫోన్ చేయాలి. మూడు సార్లు ఎత్తకపోతే తీసేయాలి. పాత లింకుతో వచ్చి కూర్చున్నవాళ్ళు దొరికేది ఇక్కడే.

డబ్బు పోయిందని తెలిస్తే గ్రూపులో చర్చ పెట్టకండి, ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. గంటలోపు చేస్తే డబ్బు దొంగ ఖాతాలోనే ఆగే అవకాశం ఎక్కువ. 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు, అవతలి ఫోన్ నంబరు చేతిలో పెట్టుకోమనండి. సిగ్గుతోనో భయంతోనో చాట్ చెరిపేస్తామంటే చెరపనివ్వకండి, అక్కడున్నది సాక్ష్యం.